సమస్య (దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూర్తిచేయాలి): తల్లి పడె బిడ్డపైఁ దండ్రి తళుకుమనఁగ

పృచ్ఛకుడు: ఛందస్సు తేటగీతి. శని గ్రహం, దాని వలయాలు, వాటి నీడ పద్యంలోకి రావాలి. తల్లి కాలుజారి పడిందని రాసి తప్పించుకోకండి.

తారాపథం:
ఇనుఁడు జనకుండు, ఛాయయే జనని శనికి;
మంచు రవ్వల వలయాలు మలసి తిరుగ
వాని నీడలు శనిమీద వాలెఁ గనుఁడు
తల్లి పడె బిడ్డపైఁ దండ్రి తళుకుమనఁగ!

మొదటి పాదంలో యతి గురించే టెన్షన్.

సంధి మాస్టారు: టెన్షన్ ఎందుకు, ఇను–జన ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం), తేటగీతిలో చెల్లుతుంది. "వలయాలు" మాత్రం వ్యావహారికం, "వలయముల్" అనండి, గణం చెడదు.

కొత్త కలం:
బండి చక్రము పోలిక వలయ మొకటి
గట్టిగా శనిఁ జుట్టంగ గగనమందు
ఛాయ యను పేరు గల యమ్మ చల్లఁగాను
తల్లి పడె బిడ్డపైఁ దండ్రి తళుకుమనఁగ

సంధి మాస్టారు: గణాలు, యతులు సరే గానీ మూడో పాదంలో అమ్మ, నాలుగో పాదంలో తల్లి, పాపం శనికి ఇద్దరు తల్లులయ్యారు.

చుక్కలాయన: అంతకంటే పెద్ద చిక్కు ఆ బండిచక్రం. గట్టి చక్రమైతే నిలవదని భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1859లోనే లెక్కగట్టి చూపించాడు. అవన్నీ విడివిడి మంచుముక్కలు, దేని కక్ష్య దానిదే. ప్రధాన వలయాల్లో లోపలి అంచున ఉన్నవి 6 గంటల్లోపే చుట్టేస్తే బయటి అంచువాటికి 14 గంటలు దాటుతుంది, శని తన చుట్టూ తాను తిరగడానికేమో పదిన్నర.

కొత్త కలం: చక్రం విరగ్గొట్టాను, ఒక తల్లిని తీసేశాను.
వడిగ లోపలి తునకలు పరుగులిడఁగ
నెమ్మదిగ వెలుపలివన్ని నింగిఁ దిరుగ
ఛాయ యను పేర శనిమీఁద జాలువాఱి
తల్లి పడె బిడ్డపైఁ దండ్రి తళుకుమనఁగ

సంధి మాస్టారు: ఇది పద్యం! "జాలువాఱి" నాకు భలే నచ్చింది.

తారాపథం: 2025 మే 6న సూర్యుడు సరిగ్గా వలయాల అంచుకెదురుగా వచ్చాడు కదా, మరి ఆ రోజు తల్లి ఏమైనట్టు?

చుక్కలాయన: నడుముకు మొలతాడంత గీత అయిపోయింది. వలయాల మందం చాలాచోట్ల పదుల మీటర్లే మరి. ఇప్పుడు ఎండ దక్షిణం వైపు నుంచి పడుతోంది, అందుకని నీడ ఉత్తరార్ధం మీద ఏటేటా వెడల్పవుతుంది. ఎప్పుడైనా చలికాలం ఉన్న సగం మీదే ఆ నీడ, అంటే చలికి వణికే వైపే అమ్మ ఇంకా ఎండ తగలనివ్వదు!

పృచ్ఛకుడు: శని నీడ కూడా వలయాల మీద పడుతుందిగా. రేపటి సమస్య దొరికింది, "బిడ్డ" తో మొదలుపెడతాను.