వీలునామా మాట నాన్నగారి దగ్గర ఎలా ఎత్తాలి?

ప్రశ్న:
నాన్నగారికి 78 ఏళ్లు, అమ్మకు 72. మేం ముగ్గురం, నేను నడిపివాణ్ణి. పోయిన నెల నాన్నగారు నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఇన్సూరెన్స్ కాగితం కోసం బీరువా అంతా తిరగేశాం, అమ్మకూ తెలియదు ఎక్కడుందో. ఆయన ఇంటికొచ్చాక "వీలునామా ఏమైనా రాశారా నాన్నా?" అని అడిగాను. "నేనింకా పోలేదురా" అని టీవీ సౌండ్ పెంచేశారు. అప్పటినుంచి ముభావంగా ఉంటున్నారు. మళ్లీ ఆ మాట ఎత్తాలంటే టెన్షన్‌గా ఉంది. ఈ దశ దాటినవాళ్లు చెప్పండి.

జవాబు:
అడిగిన సమయం బాగాలేదు, అంతే. ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చిన మనిషికి ఆ మాట ఇంకోలా వినిపిస్తుంది. నేనూ ఇలాగే తిట్లు తిన్నాను. తర్వాత నా వీలునామా నేను రాసుకోవడం మొదలుపెట్టి, "నాకేమైనా అయితే పిల్లల బాధ్యత ఎవరికి అప్పగించమంటారు?" అని నాన్నను సలహా అడిగాను. రెండు రోజులు కూర్చుని నా కాగితంలో తప్పులు పట్టారు. మూడో రోజు తన ఫైలు తనే బయటికి తీశారు.

వాటాల మాట మాత్రం మీరు ఎత్తకండి. ఏ కాగితం ఎక్కడుంది అన్నంతవరకే అడగండి. ఖాతాలు, లాకర్, ఇన్సూరెన్స్, ఇంటి దస్తావేజులు, అప్పులు (ఇచ్చినవీ, తెచ్చినవీ) అన్నీ ఒక నోటుబుక్కులో ఆయన చేతే రాయించండి.

ఇంకో జవాబు:
సంతకం పెట్టగానే ఇల్లు చేజారిపోతుందని చాలామంది పెద్దవాళ్ల భయం. గిఫ్ట్ డీడ్‌కీ వీలునామాకీ తేడా తెలియక వచ్చే భయం అది. గిఫ్ట్ ఇస్తే ఆస్తి అప్పుడే చేతులు మారుతుంది. వీలునామా రాసిన మనిషి పోయాకే అమల్లోకి వస్తుంది. మతి సరిగ్గా ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. ముందు ఇది విడమరిచి చెప్పండి.

పవర్ ఆఫ్ అటార్నీ (మన తరఫున పనులు చూసుకోమని ఇంకొకరికి రాసిచ్చే అధికారం) ఉందిగా, చాలు అనుకునేవాళ్లూ ఉన్నారు. ఇచ్చిన మనిషి పోతే అదీ అక్కడితో ఆగిపోతుంది.

సాక్షుల సంగతి: చాలాచోట్ల ఇద్దరు కావాలి. ఆస్తి వచ్చేవాళ్లనీ, వాళ్ల భార్యనో భర్తనో సాక్షిగా పెట్టకండి. కొన్నిచోట్ల ఆ వాటాయే పోతుంది. ఆయన ఈడువాళ్లకన్నా వయసులో చిన్నవాళ్లైతే నయం, రేపు అవసరమొస్తే వచ్చి చెప్పగలగాలి కదా. బ్యాంకులో, ఇన్సూరెన్సులో నామినీ ఒకరు, వీలునామాలో పేరు ఇంకొకరు ఉంటే గొడవే. రూల్స్ చోటును బట్టి మారతాయి కాబట్టి మీ దగ్గర ఒక లాయర్‌కి చూపించండి.

అడిగినవారు:
థాంక్స్ అండీ. అన్నయ్యకు, చెల్లికి ఇప్పుడే చెప్పాలా, లేక నాన్నగారు ఒప్పుకున్నాకా?

మొదట జవాబిచ్చినవారు:
ఇప్పుడే, ఇద్దరికీ ఒకేసారి చెప్పండి. తర్వాత తెలిస్తే మీరు లోపల్లోపల ఏదో నడిపారని అనుకుంటారు, ఆ మాట ఎన్నేళ్లయినా పోదు. లాయర్‌తో నాన్నగారు మాట్లాడేటప్పుడు మీరు ఆ గదిలో ఉండకండి. పిల్లలు ఒత్తిడి చేసి రాయించారనేది వీలునామాల మీద తరచూ వచ్చే అభ్యంతరం.

అన్నట్టు, అందరూ నాన్నగారి గురించే మాట్లాడుతున్నాం. అమ్మగారి పేరున ఉన్నవాటికి ఆవిడ వీలునామా ఆవిడే రాసుకోవాలి.

అడిగినవారు:
నిజమే. అమ్మ పేరున ఏమున్నాయో కూడా నాకు తెలియదు. ఈ ఆదివారం అమ్మతోనే మొదలుపెడతాను.