కొమ్మల్లా కనిపించే కంచు గుర్రాలు: సృష్టా, మభ్యపెట్టడమా?

ప్రశ్న:
అమెరికన్ శిల్పి డెబొరా బటర్‌ఫీల్డ్ (జననం 1949) 1970ల నుంచీ ప్రధానంగా గుర్రాలనే చేస్తున్నారు. తొలినాళ్లలో మట్టి, పుల్లలు వాడిన ఆమె, 1980ల నుంచి, ఏరి తెచ్చిన కొమ్మలతో గుర్రాన్ని కూర్చి, దాన్ని కంచులో పోత పోయించి, చివరకు పైన ఎండిన చెక్క రంగు తెప్పిస్తున్నారు. కంచును కంచులా కనబడనివ్వకపోవడం చూపరులను మభ్యపెట్టడమే అనుకుంటున్నాను. పోత పోసేదీ ఫౌండ్రీ పనివారే అయినప్పుడు, శిల్పి చేసినదేమిటి?

మొదటి స్పందన:
మభ్యపెట్టడమన్న మాటను నేను ఒప్పుకోలేను. ఆ పోత ఎలా జరుగుతుందో చూడండి. కూర్చిన గుర్రాన్ని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకుని, కొమ్మలను విడదీసి, వాటి చుట్టూ సిరామిక్ పొర పట్టించి బట్టీలో కాలుస్తారు. లోపలి చెక్క బూడిదైపోగా మిగిలిన ఖాళీలోకి కరిగిన కంచు పోస్తారు. బెరడు మీది పగుళ్లు, పురుగు తొలిచిన గాడి, విరిగిన చోట లేచిన పీచు కూడా కంచులోకి దిగుతాయి. అసలు కొమ్మ కాలిపోయింది కాబట్టి ప్రతి గుర్రానికీ ఒకే ఒక్క పోత ఉంటుంది. మరొకటి పోయడానికి వీలుండదు.

ఇక శిల్పి పని అంతకు ముందే, కొమ్మను ఎంచుకోవడంలోనే ఉంది. మెడ వంపు పలకాలంటే దానికి తగిన కొమ్మే దొరకాలి, దొరికినదాన్ని ఎక్కడ ఆపాలో కూడా తెలియాలి. ఆమె గుర్రాలను పెంచి, స్వారీ చేసే మనిషి. అందుకే కండరాలేవీ చెక్కకుండానే, కొమ్మల నడుమ అంత ఖాళీ వదిలి కూడా, గుర్రం బరువు ఏ కాలి మీద ఆనిందో మనకు తెలిసేలా చేయగలుగుతున్నారు. యోధుణ్ణి మోస్తూ కాలెత్తిన గుర్రాల విగ్రహాలు లోకంలో ఎన్నో ఉన్నాయి. ఈమె గుర్రాలపై రౌతు ఉండడు, అవి ఊరికే నిలబడతాయి, లేదా పడుకుంటాయి. ఈ ఎంపిక ఫౌండ్రీలో జరిగేది కాదు.

రెండవ స్పందన:
పనివారి విషయంలో పై మిత్రులతో ఏకీభవిస్తాను. కంచు పోత తరతరాలుగా పలువురి చేతుల పనే. నా అభ్యంతరం మరొకటి. మట్టి, పుల్లల గుర్రానికి ఎండిపోవడం, రాలిపోవడం ఉన్నాయి, బతికిన జంతువుకున్నట్టే. కంచులో ఆ గుణం పోయి, దాని రూపం మాత్రమే నిలిచింది. ఆరుబయట వానకు తట్టుకోవాలంటే కంచు తప్పదన్నది నిజమే, కాని ప్రదర్శనశాల లోపల పెట్టే గుర్రానికి ఆ అవసరం లేదు కదా. అలాంటి చోట ఆమె తొలినాటి పుల్లల గుర్రాలే నన్ను ఎక్కువసేపు నిలబెడతాయి.