12 టైటిళ్లు గెలిచిన యూఎస్‌సీ బేస్‌బాల్ ఎందుకిలా అయింది?

ఎడమచేతి_పిచర్ (ప్రశ్న):
అమెరికా కాలేజీ బేస్‌బాల్‌లో లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా (యూఎస్‌సీ)కి 12 జాతీయ టైటిళ్లున్నాయి. రెండో స్థానంలో ఉన్న లూసియానా స్టేట్ (ఎల్‌ఎస్‌యూ) 2025లో గెలిచాక కూడా 8 దగ్గరే ఉంది. అలాంటి జట్టు చివరిసారి టైటిల్ కొట్టింది 1998లో, చివరి ఎనిమిది జట్లు తలపడే ఒమాహా చేరింది 2001లో. 2005 తర్వాత కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ జాతీయ టోర్నమెంటులో మళ్లీ కనిపించడానికి 2015 దాకా పట్టింది, ఆ తర్వాత 2025 దాకా. దక్షిణ కాలిఫోర్నియాలో హైస్కూల్ ఆటగాళ్లకు కొదవేమీ లేదు కదా. లోపం కోచ్‌లదా, డబ్బుదా, లేక ఆటే మారిపోయిందా? తెలిసినవాళ్లు విడమరచి చెప్పండి.

ఒమాహా_బాట:
ముందు లెక్క చూడండి, సగం జవాబు అందులోనే ఉంది. 2025 వేసవి వరకూ డివిజన్ 1 (కాలేజీ క్రీడల పై అంచె) బేస్‌బాల్ జట్టుకు ఉన్న పరిమితి 11.7 పూర్తి స్కాలర్‌షిప్‌ల విలువ, దాన్ని ముక్కలుగా పంచుకోవచ్చు. 2000ల చివరి నుంచి వాటిని 27 మందికి మించి పంచకూడదు, తీసుకున్న ప్రతివాడికీ కనీసం 25 శాతం ఇవ్వాలి అన్న నిబంధన కూడా చేరింది. 11.7ను 27తో భాగిస్తే సగటున ఒక్కొక్కరికి 43 శాతం. యూఎస్‌సీ ప్రైవేటు విశ్వవిద్యాలయం. ఇప్పుడు ఫీజు, హాస్టల్, భోజనం కలిపి ఏడాది ఖర్చు 90 వేల డాలర్లు దాటింది. 43 శాతం పోయినా కుటుంబం కట్టాల్సింది 51 వేలు. అదే కుర్రాడికి సొంత రాష్ట్రపు ప్రభుత్వ కాలేజీలో మొత్తం ఖర్చు 30 వేలు అనుకుంటే, అదే శాతం స్కాలర్‌షిప్‌తో 17 వేలతో సరిపోతుంది. మూడేళ్లకు తేడా లక్ష డాలర్లు.

కాల్ స్టేట్ ఫుల్లర్టన్ 1979, 1984, 1995, 2004లో టైటిళ్లు గెలిచింది ఈ చుట్టుపక్కల పిల్లలతోనే. దక్షిణాది రాష్ట్రాల్లో ఇంకో సౌకర్యం ఉంది: జార్జియాలో హోప్, లూసియానాలో టాప్స్ లాంటి రాష్ట్ర స్కాలర్‌షిప్‌లు. వాటితో సొంత రాష్ట్రపు కుర్రాడి ఫీజు చాలావరకు తీరిపోతుంది కాబట్టి, కోచ్ తన 11.7లో మిగిలినదాన్ని పిచర్ల (బంతి విసిరేవాళ్ల) మీద పెట్టగలడు. కాలేజీ బేస్‌బాల్‌లో జట్లు దెబ్బతినేది ఎక్కువగా అక్కడే. శుక్ర, శని, ఆదివారాల సిరీస్‌లో మూడో స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్) బలహీనంగా ఉంటే ఆదివారం నాలుగో ఇన్నింగ్స్‌కే బుల్‌పెన్ తలుపు తెరిచి బదులు పిచర్లను దించాలి, మంగళవారం మ్యాచ్‌కు పిచర్లు మిగలరు.

మూడో_బేస్:
లెక్క సరైనదే, కానీ దాంతోనే సరిపెడితే ఒప్పుకోను. వాండర్‌బిల్ట్ కూడా ఖరీదైన ప్రైవేటు కాలేజీయే, 2014లో, 2019లో గెలిచింది. అక్కడ 2009 నుంచి కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయంలో అప్పు అనేదే లేకుండా చేశారు, ఆటగాళ్లను పిలవడానికి అది బాగా పనికొచ్చింది. రైస్ 2003లో గెలిచింది, అదీ ప్రైవేటే. కాబట్టి దారి మూసుకుపోలేదు, యూఎస్‌సీ వెతకలేదు.

కోచ్‌ల వరస చూడండి. రాడ్ డెడో 1942 నుంచి 1986 వరకు ఉన్నాడు, 12లో 11 టైటిళ్లు ఆయన కాలంలోవే. 1970 నుంచి 1974 దాకా వరసగా ఐదు. ట్రక్కుల వ్యాపారం ఉన్న మనిషి, జీతం నామమాత్రంగా ఏడాదికి ఒక్క డాలరు. 1973 సెమీఫైనల్లో మిన్నెసోటా మీద 7-0 వెనకబడి, చివరి ఇన్నింగ్స్‌లో 8 పరుగులు కొట్టి గెలిచారు. ఎదురుగా ఆ మ్యాచ్ మొదలుపెట్టిన పిచర్, తర్వాత మేజర్ లీగ్ దిగ్గజమైన డేవ్ విన్‌ఫీల్డ్! ఆ తర్వాత మైక్ గిలెస్పీ 2006 వరకు ఉండి 1998 టైటిల్ తెచ్చాడు, ఫైనల్ స్కోరు అరిజోనా స్టేట్ మీద 21-14. అంటే 65 ఏళ్లలో ఇద్దరే ప్రధాన కోచ్‌లు అనుకోవచ్చు.

ఆ తర్వాత 2007 నుంచి 2022 మధ్య నలుగురు: క్రూటర్, క్రూజ్, హబ్స్, గిల్. క్రూటర్ మేజర్ లీగ్ (ప్రొఫెషనల్ బేస్‌బాల్ పై స్థాయి) క్యాచర్, కానీ అంతకుముందు కాలేజీ ప్రధాన కోచ్‌గా చేయలేదు. క్రూజ్‌ను 2013 సీజన్ మొదలయ్యే వేళకు తీసేశారు, కారణం ప్రాక్టీసు గంటల నిబంధన ఉల్లంఘన. ఆ రోజుల్లో కాలేజీ జట్టు హైస్కూల్ పదో తరగతి పిల్లలతో మాట కలిపి రెండుమూడేళ్లు వెంటపడాల్సి వచ్చేది. కోచ్ మారిన ప్రతిసారీ ఆ మాటలు తెగిపోయేవి, దాని దెబ్బ మూడో ఏడాది కనిపించేది, అప్పుడు ఆ కోచ్‌ను కూడా మార్చేసేవాళ్లు.

నాకు పెద్ద సాక్ష్యం గిలెస్పీయే. యూఎస్‌సీ వదిలాక అంతకంటే చిన్న యూసీ ఇర్విన్‌కు వెళ్లి 2014లో ఆ జట్టును ఒమాహాకు తీసుకెళ్లాడు.

చలిలో_బంతి:
ఇంకోటి ఎవరూ అనలేదు: ఎండ. ఒకప్పుడు కాలిఫోర్నియా జట్లు జనవరిలోనే మొదలుపెట్టేవి. 2008 నుంచి అందరికీ ఒకే ప్రారంభ తేదీ, ఫిబ్రవరిలో. పైగా చలి రాష్ట్రాలు ఇండోర్ ప్రాక్టీసు మందిరాలు కట్టుకున్నాయి. ఎల్‌ఎస్‌యూ స్టేడియంలో 10 వేలకు పైగా సీట్లున్నాయి, యూఎస్‌సీ పాత మైదానం డెడో ఫీల్డ్‌లో ఉండేవి దాదాపు 2,500. టికెట్ల ఆదాయంలో ఆ తేడా ఎంతో ఊహించండి.

ఎడమచేతి_పిచర్:
అందరికీ ధన్యవాదాలు. స్టేడియం అంత ముఖ్యమా? ఇప్పుడు ఎక్కువగా మిడ్‌వెస్ట్ కాలేజీలున్న బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో చేరాక యూఎస్‌సీ మెరుగవుతుందా, ఇంకా పడిపోతుందా?

ఒమాహా_బాట:
స్టేడియాన్ని నేను చివర పెడతాను. అదే ఊళ్లో యూసీఎల్‌ఏ మైదానంలో సీట్లు 2 వేల లోపే, అదీ క్యాంపస్ బయట. అయినా 2013లో టైటిల్, 2025లో ఒమాహా. యూఎస్‌సీ అయితే 2024, 2025 సీజన్లలో సొంత మైదానం లేక ఇర్విన్‌కు వెళ్లి ఆడింది, ఆ స్థితిలోనే 2025లో కార్వాలిస్ రీజినల్‌కు (ఎన్‌సీఏఏ టోర్నమెంటు తొలి దశకు) చేరింది. మూడో_బేస్ గారు కోచ్‌ల గురించి అన్నది ఇక్కడ నిజమవుతోంది. 2022లో తీసుకున్న కోచ్ స్టాంకీవిచ్‌కు గ్రాండ్ కాన్యన్ యూనివర్సిటీలో కాలేజీ జట్టును నిలబెట్టిన అనుభవం ఉంది.

బిగ్ టెన్ విషయంలో భయం ప్రయాణాలది. మార్చిలో మిడ్‌వెస్ట్‌కు గురువారం ఎగిరి ఆదివారం రాత్రి తిరిగొస్తే, మంగళవారం మ్యాచ్‌కు పిచర్ల చేతులు కోలుకోవు. 2025 దాకా చూస్తే ఆ కాన్ఫరెన్స్ నుంచి చివరి టైటిల్ ఒహాయో స్టేట్‌ది, 1966లో. మేలు ఒకటుంది: 2025-26 నుంచి, ఎన్‌సీఏఏ మీద కోర్టు కేసు ముగింపుగా వచ్చిన కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీలకు 11.7 పరిమితి పోయింది, రోస్టర్ (జట్టు జాబితా) గరిష్ఠంగా 34 మంది, కాలేజీ ఇష్టపడితే అందరికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వచ్చు. ఇక్కడే మీరు గమనించాలి. యూఎస్‌సీ ఫుట్‌బాల్ డబ్బులోంచి బేస్‌బాల్‌కు ఎన్ని పూర్తి స్కాలర్‌షిప్‌లు కేటాయిస్తుందో చూడండి. 34లో 25 దాటితే ఖర్చు తేడా కుర్రాళ్లను ఫుల్లర్టన్ వైపు నెట్టడం చాలావరకు ఆగుతుంది. 15 దగ్గర ఆగితే ఎల్‌ఎస్‌యూ, టెనెసీలు ఇంకా దూరం వెళ్లిపోతాయి, ఎందుకంటే పరిమితి పోయింది వాళ్లకూ కదా.