బిట్స్‌లో మెకానికల్ కోసం పాప ప్లాటు అమ్మాలా?

ఫిట్టర్, కొత్తగూడెం:

అందరికీ నమస్కారం. నేను సింగరేణిలో ఫిట్టర్‌ని. మా నాన్న బొగ్గు బాయిలో తట్టాచెమ్మస్ పని చేసి బొగ్గు మోసిన మనిషి. ఆయన అన్‌ఫిట్ అయితే 1998లో డిపెండెంట్ కింద నాకు ఉద్యోగం వచ్చింది. మా రెండు వైపుల చుట్టాల్లో ఇంజనీరింగ్ కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. కాబట్టి నేను అడిగేది మరీ తెలివితక్కువగా ఉంటే ఏమీ అనుకోకండి.

మా వాడికి బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్‌లో మెకానికల్ వచ్చింది. ఎప్‌సెట్‌లో కూడా మంచి ర్యాంకే. గండిపేట సీబీఐటీలో కంప్యూటర్ సైన్స్ కన్వీనర్ కోటాలో వచ్చేలా ఉంది.

నా లెక్క ఇది. బిట్స్‌లో ఫీజు, హాస్టల్, మెస్, రానూపోనూ ఖర్చులు, ఒక ల్యాప్‌టాప్ కలిపి నాలుగేళ్లకి 30 లక్షల దాకా అవుతుంది. సీబీఐటీలో ఫీజు, బయట హాస్టల్‌తో కలిపి నాలుగేళ్లకి 10, మహా అయితే 11 లక్షలు. తేడా 19 లక్షలు అనుకోండి.

నా దగ్గర రొక్కం 9 లక్షలు ఉంది. ఇంకా ఉండాల్సింది, కానీ రెండేళ్ల ఇంటర్‌కే హాస్టల్‌తో కలిపి 4 లక్షలు పోశాను. పాల్వంచ రోడ్డులో 200 గజాల ప్లాటు ఉంది. దసరాకి వచ్చిన లాభాల వాటా, పీఎఫ్ లోను కలిపి 2011లో కొన్నాను. ఇప్పుడు అమ్మితే 20 లక్షలు వస్తాయంటున్నారు. కాకపోతే అది పాప కోసమని కొన్నది. పాప తొమ్మిదో తరగతి చదువుతోంది.

షిఫ్టులో ఒకాయన "ఐఐటీ తర్వాత బిట్సే, కళ్లు మూసుకుని చేర్పించు" అన్నాడు. ఇంకొకాయన "మెకానికల్ చదివి ఏం చేస్తాడు, నీలాగే పానా పట్టుకుంటాడు" అని నవ్వాడు. ఆ నవ్వు రెండు రోజులు గుర్తొచ్చింది నాకు. రిటైర్ కావడానికి ఇంకా 12 ఏళ్లుంది. ఆ 19 లక్షలకి తగ్గది నిజంగా ఏమైనా దొరుకుతుందా, పేరు కోసమే పోస్తున్నామా? చదివినవాళ్లు, పిల్లల్ని చదివించినవాళ్లు చెప్పండి.

గండిపేట బస్సు:

అన్నా, నేను గండిపేటలోనే చదివాను, 2014లో బయటికొచ్చాను. పాఠాల కోసమైతే 19 లక్షలు ఎక్కువ పెట్టొద్దు. థర్మోడైనమిక్స్ ఎక్కడైనా థర్మోడైనమిక్సే. మా క్లాసులో పైన ఉన్న పదిహేను మంది ఏ బిట్స్ వాళ్లకీ తీసిపోలేదు. మిగతావాళ్లం వందల్లో తీసుకునే కంపెనీల్లో చేరి, రెండు మూడు ఉద్యోగాలు మారాక అక్కడికే చేరుకున్నాం. టైమ్ పట్టింది, అంతే.

ఒక్క తేడా మాత్రం చెప్తాను. మాకు 75 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు. బిట్స్‌లో హాజరు కచ్చితం కాదు. నా ఇంటర్ దోస్తు అక్కడ చదివాడు. క్లాసు ఎగ్గొట్టి రోబో కార్లు చేసినవాళ్లూ ఉన్నారట, క్లాసు ఎగ్గొట్టి సాయంత్రం నాలుగింటిదాకా పడుకున్నవాళ్లూ ఉన్నారట. ఇంటర్‌లో పొద్దున ఐదింటికి వార్డెన్ తలుపు కొడితే లేచిన పిల్లలు మన పిల్లలు. ఎవరూ కొట్టకపోతే మీవాడు లేస్తాడా? అది మీకే తెలియాలి.

రిటైర్డ్ బ్యాంకు:

ఫిట్టర్ గారూ, ప్లాటు అమ్మే ముందు లోను లెక్క చూడండి. బిట్స్ లాంటి సంస్థలకి చాలా బ్యాంకులు తాకట్టు లేకుండానే ఇస్తాయి. 2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. ర్యాంకింగుల్లో పైన ఉన్న సంస్థల్లో సీటు వస్తే తాకట్టు, హామీదారు లేకుండా లోను ఇవ్వాలన్నదే దాని ఉద్దేశం. అందులో వడ్డీ రాయితీ కూడా ఉంది కానీ, అది కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉన్నవాళ్లకే. పర్మినెంట్ ఉద్యోగి కాబట్టి మీరు ఆ గీత దాటి ఉంటారు.

ఇప్పుడు అసలు సంగతి. 20 లక్షలు తీసుకున్నారనుకుందాం, ఏడాదికి 5 చొప్పున, వడ్డీ 10 శాతం. చదువు నాలుగేళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది దాకా కట్టక్కర్లేదంటారు. అందరూ ఆ మాట దగ్గరే ఆగిపోతారు. కట్టకపోయినా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఐదేళ్లు పూర్తయ్యేసరికి దాదాపు 7 లక్షల వడ్డీ చేరి మీ బాకీ 27 లక్షలు అవుతుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకి 35 వేల పైచిలుకు. పదిహేనేళ్లు పెట్టుకుంటే 29 వేలు, కానీ మొత్తం 52 లక్షలు కడతారు.

నేను బ్రాంచిలో ప్రతి తండ్రికీ చెప్పింది ఒక్కటే: చదువుతున్నప్పుడే వడ్డీ కట్టేయండి. మొదటి ఏడాది నెలకి 4 వేలు చాలు, నాలుగో ఏడాదికి 16, 17 వేలు అవుతుంది. అలా కడితే కొన్ని బ్యాంకులు వడ్డీ ఒక శాతం తగ్గిస్తాయి కూడా. పాత పన్ను విధానంలో ఉంటే చదువు లోను మీద కట్టిన వడ్డీ అంతా మినహాయింపే, ఎనిమిదేళ్ల దాకా. పది మందిలో ఇద్దరు విన్నారేమో.

ఇంకా కడుతున్నా:

అన్నా, ఖరీదైన కాలేజీ వేరు, గొప్ప కాలేజీ వేరు. నేను ఆ తేడా తెలియక మునిగినవాణ్ణి. 2015లో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో చేరాను, పేరు వద్దు. రోడ్డు పొడుగునా హోర్డింగులు, ఒక కుర్రాడి ఫోటో, పక్కన ప్యాకేజీ ఎంతో. ఆ కుర్రాడి ఒక్కడి ప్యాకేజీ చూసి మా నాన్న 9 లక్షలు లోను తీశాడు. నాకు వచ్చింది ఏడాదికి 3.6 లక్షల ఉద్యోగం. చేతికి 27 వేలు, అందులో ఈఎంఐ 16 వేలు. లోనులో నాన్న కూడా సంతకం పెట్టాడు కదా, ఒక నెల నా ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకు ఫోన్ ఆయనకి వెళ్లింది. నాకు చెప్పకుండా వడ్లు అమ్మిన డబ్బుతో కట్టాడు. నాలుగు నెలల తర్వాత అమ్మ చెప్తే తెలిసింది.

బిట్స్ ఆ బాపతు కాదని నాకూ తెలుసు. అయినా అడగండి. హయ్యెస్ట్ ఎంత అని కాదు, మెకానికల్ వాళ్లు ఎంతమంది ప్లేస్‌మెంట్స్‌కి పేరిచ్చారు, ఎంతమందికి వచ్చింది, వరసలో మధ్యలో నిలబడ్డవాడికి ఎంత వచ్చింది అని. ఆఫీసులో చెప్పకపోతే మూడో ఏడాది పిల్లలు క్యాంటీన్‌లో చెప్తారు.

సూర్యాపేట అమ్మాయి, ఎడిసన్:

అన్నయ్యా, పైన అందరూ డబ్బు లెక్క బాగా చెప్పారు. నాది వేరే లెక్క.

ఇక్కడ అమెరికాలో ఇదే ప్రశ్న మీద డేల్, క్రూగర్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు 2002లో ఒక పరిశోధన చేశారు. పేరున్న కాలేజీలో సీటు వచ్చినా మామూలు కాలేజీకి వెళ్లిన పిల్లల్ని, ఆ పేరున్న కాలేజీకే వెళ్లినవాళ్లని పోల్చారు. తర్వాతి సంపాదనలో పెద్ద తేడా కనిపించలేదు. తెలివైన పిల్ల ఎక్కడున్నా తెలివైన పిల్లే అన్నమాట. దీన్ని పట్టుకుని చాలామంది "కాలేజీ పేరుతో పనిలేదు" అంటుంటారు. కానీ ఆ పరిశోధనలోనే ఇంకో ముక్క ఉంది. పేదింటి పిల్లలకి తేడా వచ్చింది. తర్వాత వాళ్లే చేసిన ఇంకో అధ్యయనంలో, తల్లిదండ్రులు పెద్దగా చదువుకోని ఇళ్ల పిల్లలకీ వచ్చింది. అమెరికా లెక్క మనకి అచ్చంగా అతకదు, ఫీజులు వేరు, పద్ధతులు వేరు. అయినా అది చదివినప్పుడు నా ఓయూ హాస్టల్ గది గుర్తొచ్చింది.

నేను అక్కడ ఎంసీఏ చేశాను. ఇంటర్న్‌షిప్ అనే మాట మొదటిసారి అక్కడే విన్నాను. బంజారాహిల్స్ నుంచి వచ్చిన నా రూమ్మేట్‌కి ఆ మాట తొమ్మిదో తరగతి నుంచే తెలుసు, వాళ్ల బాబాయ్ కంపెనీలో వేసవిలో చేసిందట. ఆ అమ్మాయి ఏ కాలేజీలో చదివినా ఫరవాలేదు, కావాల్సినవి ఇంట్లోనే ఉన్నాయి. మనలాంటి ఇళ్లలో బాబాయ్ కంపెనీ ఉండదు కదా. మీవాడికి ఆ బాబాయ్‌లు, ఆ మాటలు దొరికే చోటు కాలేజీయే. బిట్స్‌లో రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు, చివర్లో ఐదున్నర నెలలు కంపెనీల్లో పని నేర్పే ప్రాక్టీస్ స్కూల్ ఉంది. ఎవరినీ తెలియని పిల్లాడికి అది పెద్ద దారి.

కాబట్టి నా ఓటు బిట్స్‌కే. ప్లాటు అమ్మడానికి మాత్రం కాదు. మా అన్నయ్య డొనేషన్ సీటుకి మా ఇంట్లో ఉన్నదంతా పోయింది. నాకు మిగిలింది డిగ్రీ కాలేజీకి బస్సు పాసు. ఎవరూ కావాలని చెయ్యలేదు, నన్ను అడగాలని ఎవరికీ తట్టలేదు, అంతే. పాపని అడిగారా మీరు?

ఫిట్టర్, కొత్తగూడెం:

అందరికీ దండాలు. చెల్లెమ్మా, పాపని అడగలేదు. నీ మాట చదివాక సిగ్గేసింది.

ఆదివారం రెండు కాలేజీలూ చూసొచ్చాం. గండిపేటలో నాకు బాగానే అనిపించింది. మావాడు మాత్రం చెట్ల కింద నిలబడి ఫోన్ చూసుకున్నాడు. జవహర్‌నగర్‌లో ఉన్న బిట్స్ క్యాంపస్‌లో మెకానికల్ మూడో ఏడాది పిల్లాడు ఒకడు కలిశాడు, కరీంనగర్ వైపు వాడు. క్యాంటీన్‌లో అన్నీ అడిగాను. సగం మంది కోడింగ్ ఉద్యోగాల వైపే పోతారని, మొదటి ఏడాది మార్కులు బాగుంటే బ్రాంచి మారే వీలుంది కానీ సీట్లు చాలా తక్కువని చెప్పాడు. దాచకుండా చెప్పినందుకు వాడి మీద నమ్మకం కలిగింది.

తిరుగు బస్సులో మావాణ్ణి అడిగాను, నిజం చెప్పు, నీకు పేరు కావాలా, మెకానికల్ కావాలా అని. "నువ్వు ఇంట్లో పంపు మోటారు విప్పినప్పుడల్లా టార్చి పట్టుకుంది ఎవరు నాన్నా?" అన్నాడు. నేనేమో వాడు చదువు ఎగ్గొట్టడానికి వచ్చి కూర్చుంటున్నాడని ఇన్నేళ్లూ తిట్టాను.

రాత్రి పాపని కూర్చోబెట్టి అంతా చెప్పాం. "ఇన్ని రోజుల నుంచి నా ప్లాటు గురించి మాట్లాడుకుంటున్నారు, నేను పక్క గదిలోనే ఉన్నా కదా" అంది. తర్వాత బ్యాంకు సార్ రాసిన లెక్క మొత్తం నోటుబుక్‌లో ఎక్కించుకుంది. తేలింది ఏమంటే, ప్లాటు అమ్మం. నా దగ్గరున్న 9 పెడతాను, మిగతాది లోను. చదువు అయ్యేదాకా వడ్డీ నెలనెలా నేను కడతాను, ఓవర్‌టైమ్ ఎటూ ఉంది. ఉద్యోగం వచ్చాక అసలు వాడు కడతాడు.

పాప అక్కడితో ఆగలేదు. నేను కట్టే వడ్డీలో సగం తన వాటా కింద లెక్కట, అది అన్నయ్య తనకి తీర్చాలట. తెల్లకాగితం మీద నోటు రాసి వాడి చేత సంతకం పెట్టించింది, సాక్షిగా వాళ్లమ్మ. సోమవారం బ్యాంకుకి వెళ్తున్నాం. బ్యాంకు సార్, ఆ నోటుకి రెవెన్యూ స్టాంపు అంటించాలా అని అడగమంటోంది.

రిటైర్డ్ బ్యాంకు:

అంటించాలి, రూపాయిది చాలు. సంతకం స్టాంపు మీదుగా పడాలి. అబ్బాయికి 18 నిండాయా? నిండకపోతే ఆ సంతకం చెల్లదు, పాపకి చెప్పండి.