లూయిస్ స్పేస్ ట్రైలజీ ఆఖరి పుస్తకం ఇప్పుడే ముగించాను... ఆ విందు చాప్టర్ ఏంటి బాబోయ్ (స్పాయిలర్లు ఉన్నాయి)

రాత్రిబండి:
సి.ఎస్. లూయిస్ 'దట్ హిడియస్ స్ట్రెంగ్త్' రాత్రి ముగించాను, ఇంకా తేరుకోలేదు. ఇంట్లో ఎవరికైనా చెబుదామంటే "నార్నియా రాసినాయనేగా" అని అక్కడే ఆగిపోతారు, అందుకే ఇక్కడికొచ్చి పడ్డాను. చదవనివాళ్లు దయచేసి ఇక్కడితో ఆగండి, కింద అన్నీ చెప్పేస్తున్నాను.

మొదటి పుస్తకంలో (1938) భాషాశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ రాన్సమ్‌ని ఇద్దరు కిడ్నాప్ చేసి అంగారకుడి మీదికి తీసుకుపోతారు. రెండోదాంట్లో (1943) అతనే శుక్రగ్రహం వెళ్లి, ఇంకా పాపమంటే ఏంటో ఎరగని ఒకామెని మాయ చేయడానికొచ్చిన సైతానుతో రోజుల తరబడి వాదించి, వాదనలో తేలక చివరికి ఉత్త చేతులతో కలబడతాడు. సరే, 1945లో వచ్చిన మూడోదాంట్లో ఏ గ్రహమో అని తెరిస్తే ఏముంది, ఇంగ్లండ్‌లో ఎడ్జ్‌స్టో అనే చిన్న ఊళ్లో కాలేజీ కమిటీ మీటింగు! కాలేజీకి చెందిన పాత అడవి స్థలం అమ్మాలా వద్దా అని లెక్చరర్లు పేజీలకి పేజీలు. అక్కడ రెండుసార్లు పక్కన పెట్టేశాను కూడా. కానీ సగం దాటాక ఇక వదల్లేదు.

ముఖ్యంగా ఆ విందు. దేశాన్నే చేతిలోకి తీసుకుందామని చూసే సంస్థ, పేరేమో నైస్ (ఎంత ముద్దుగా పెట్టాడో చూడండి), వాళ్ల పెద్ద డిన్నర్. పేరుకి మాత్రమే డైరెక్టరైన జూల్స్ స్పీచ్ ఇస్తుంటే ఒక మాట తప్పు పడుతుంది. కాసేపటికి ఇంకోటి. ఎవరో కిసుక్కుమంటారు. డిప్యూటీ డైరెక్టర్ విథర్ పరిస్థితి చక్కదిద్దుదామని చీటీ రాసి పంపిస్తే అదీ అర్థం పర్థం లేని రాతే. ఇక హాలు హాలంతా ఒకళ్ల మాట ఒకళ్లకి అర్థం కాక అరుపులు, తుపాకీ పేలడం, ప్రయోగాలకని బోనుల్లో పెట్టిన జంతువులు లోపలికి రావడం, పులి, ఆఖర్న ఏనుగు. నవ్వుతూ నవ్వుతూ ఎక్కడ భయం మొదలైందో నాకే తెలియలేదు.

రెండు డౌట్లు. రెండు పుస్తకాలు మన హీరోగా ఉన్న రాన్సమ్ మూడోదాంట్లో దాదాపు మంచం మీదే ఉంటాడు, అసలు ఏమీ చేయడు, మీకు నిరాశ అనిపించలేదా? రెండోది, ఆ రక్తపాతం కథకి అవసరమా, లేక లూయిస్ కొంచెం శ్రుతి మించాడా?

మూడోబెంచి:
అబ్బా ఎన్నాళ్లకి ఈ పుస్తకం మీద ఒక పోస్టు! నాకు మూడింట్లో ఇదే ప్రాణం.

మీరు విసుక్కున్న ఆ కమిటీ మీటింగే అసలు కీలకం అంటాను నేను. మార్క్ అనే కుర్ర లెక్చరర్‌ని గమనించారా? అతనికి డబ్బు మీద కన్నా "లోపలివాళ్లలో" ఒకడు కావాలన్న యావ ఎక్కువ. పొద్దున మీటింగుకి వెళ్తుంటే దారిలో కర్రీ అనే పెద్దమనిషి "మనం" అని మాట్లాడుతూ తననీ అందులో కలుపుకున్నాడని పొంగిపోతాడు, అంతే, అక్కడినుంచి ఒక్కో మెట్టూ దిగుతూ నైస్ దాకా పోతాడు. అక్కడ ఉద్యోగం ఉందో లేదో తెలియదు, జీతం తెలియదు, పనేంటో ఎవరూ చెప్పరు, డిప్యూటీ డైరెక్టర్ విథర్‌ని అడిగితే గంట మాట్లాడతాడు, బయటికొచ్చాక ఒక్క ముక్క గుర్తుండదు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో అచ్చం ఇలాంటి బాస్ ఉండేవాడు కాబట్టి ఆ సీన్లు చదువుతుంటే దయ్యాల సీన్ల కన్నా ఎక్కువ టెన్షన్ వచ్చింది. లూయిస్ 1944లో లండన్ కింగ్స్ కాలేజీలో 'ది ఇన్నర్ రింగ్' అని సరిగ్గా ఈ యావ మీదే ఉపన్యాసం ఇచ్చాడు, చిన్నదే, వీలుంటే చదవండి, మార్క్ పాత్ర మొత్తం అందులో కనిపిస్తుంది.

ఇంకోటి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. ఊళ్లో గొడవ ఇంకా జరగకముందే దాని మీద సంపాదకీయాలు మార్క్ చేత రాయిస్తారు చూడండి! మేధావుల పేపర్‌కి ఒక రకం, మామూలు జనం పేపర్‌కి ఇంకో రకం, ఒకే రాత్రి కూర్చుని రెండూ రాస్తాడు. పైగా చదువుకున్నవాళ్లని నమ్మించడమే తేలికని ఆ పోలీసు ఆవిడ హార్డ్‌కాజిల్ నవ్వుతూ చెబుతుంది, మామూలు పనివాడు పేపర్లో రాజకీయాలు ఎలాగూ నమ్మడట. 1945 పుస్తకం అండీ ఇది. ఇప్పటి ఫేక్ న్యూస్ గురించి రాశాడా అనిపిస్తుంది.

రక్తపాతం గురించి నా మాట: కాస్త ఎక్కువే. కానీ ఆ జంతువులు ఎక్కడినుంచి వచ్చాయో మర్చిపోకండి, వాళ్లు కోసి చూడ్డానికి తెచ్చిపెట్టుకున్నవే అవి.

సండేస్కూల్_మాస్టారు:
ప్రైజ్ ద లార్డ్, చాలా సంతోషం ఈ పుస్తకం చదివేవాళ్లు ఇక్కడ ఉన్నందుకు.

విందు సీన్ ఆదికాండము 11 కదండీ, దేవుడు మనుషుల భాషలు తారుమారు చేసిన బాబెలు! పిల్లలకి ప్రతి ఏడూ చెప్పే పాఠమే, అయినా ఒక డిన్నర్ టేబుల్ దగ్గర అది జరిగితే ఎలా ఉంటుందో అని నాకెప్పుడూ తట్టలేదు. పుస్తకం పేరు కూడా బాబెలు గోపురం నీడ గురించి ఒక పాత స్కాట్లండ్ కవి రాసిన పాదంలోంచే తీసుకున్నాడు, మొదటి పేజీల్లోనే ఉంటుంది, చాలామంది దాటేస్తారు. దేవుని మాటని తృణీకరించినవాళ్లకి మనుషుల మాట కూడా లేకుండా పోతుందని ఆర్థర్ రాజు కథల మాంత్రికుడు మెర్లిన్ లాటిన్‌లో కేక పెడతాడు కదా, మొత్తం శిక్ష ఆ ఒక్క వాక్యంలో ఉంది.

రాన్సమ్ ఏమీ చేయడు అన్నారు. అతని మడమ చూశారా తమ్ముడూ? రెండో పుస్తకంలో సైతానుతో పోరాడినప్పుడు కొరికిన గాయం, మూడోదాంట్లో కూడా మానదు, రక్తం కారుతూనే ఉంటుంది. "అది నిన్ను తలమీద కొట్టును, నీవు దానిని మడిమె మీద కొట్టుదువు" అని ఆదికాండము 3:15. అతను చేయాల్సింది శుక్రగ్రహం మీద చేసేశాడు. ఇక్కడ అతని పని కనిపెట్టుకుని ఉండటం. ఇదే అనుమానం పుస్తకంలోనే, రాన్సమ్ ఇంట్లో అతనితోపాటు ఉండే మెక్‌ఫీకి వస్తుంది, మనం పందులకి మేత వేసి కూరగాయలు పండించడం తప్ప చేసిందేంటో ఎవరైనా చెప్పండి అని నిలదీస్తాడు. మీరు చేయాల్సింది చేశారు, లోబడ్డారు, కనిపెట్టారు అంటాడు రాన్సమ్. నాకు ట్రైలజీ మొత్తానికి అదే క్లైమాక్సు.

ఇక సిలువ సీన్. మార్క్‌కి విశ్వాసం లేదు, చిన్నప్పటినుంచీ లేదు. నైస్ పెద్దల్లో ఒకడైన ఫ్రాస్ట్ అతన్ని ఆ వంకర గదిలో పెట్టి, నేలమీద పడుకోబెట్టిన పెద్ద సిలువ బొమ్మని తొక్కమంటాడు. నమ్మకం లేనివాడికి అది చెక్కే కదా, తొక్కేస్తే పోతుంది. కానీ ఆ చెక్క మీది మనిషి ఎదురు తిరగలేని స్థితిలో ఉన్నాడు, తన్నబోయేది అలాంటివాణ్ణి అని తోచి ఆగిపోతాడు. తొక్కకపోతే చంపేస్తారని తెలిసీ తొక్కనంటాడు. ప్రార్థన లేదు, దర్శనం లేదు, తిట్టి మరీ కుదరదంటాడు. ఇంతకన్నా నిజాయితీగా ఒక మారుమనస్సు మొదలవడం నేను ఏ కథలోనూ చదవలేదు.

ఎర్రసిరా:
అందరూ పొగుడుతున్నారు కాబట్టి ఒక చేదు మాట. నేను నాస్తికుణ్ణి, అయినా మూడూ చదివాను, రెండోది అద్భుతం. మూడోది మాత్రం సగం దాకా గొప్ప థ్రిల్లర్, తర్వాత మెర్లిన్ వచ్చి చెడగొట్టాడు.

ఇది నా ఒక్కడి గోల కాదు. జార్జ్ ఆర్వెల్ 1945 ఆగస్టు 16న మాంచెస్టర్ ఈవెనింగ్ న్యూస్‌లో దీని మీద సమీక్ష రాశాడు, అంటే హిరోషిమా మీద బాంబు పడి సరిగ్గా పది రోజులకి. సైన్స్ పేరుతో అధికారం చేజిక్కించుకునే మనుషుల కథ అప్పటికి ఎంత దగ్గరిదో ఆయనకి తెలుసు, పుస్తకాన్ని మెచ్చుకున్నాడు కూడా. కాకపోతే దేవుడూ సైతానూ లేకుండా రాసుంటే ఇంకా బాగుండేదన్నాడు, ఎందుకంటే దేవుడు ఒక పక్షాన ఉన్నాక గెలిచేదెవరో ముందే తెలిసిపోతుంది. థ్రిల్లర్‌కి అంతకన్నా దెబ్బ ఏముంటుంది చెప్పండి? ఐదు గ్రహాల దేవతలు ఇంట్లోకి దిగి మెర్లిన్‌కి శక్తి ఇచ్చాక ఇక విథర్ ఏం చేయగలడు, ఫ్రాస్ట్ ఏం చేయగలడు. తూకం చెడింది.

నా పాత్ర మాత్రం మెక్‌ఫీనే. అన్ని వింతలు కళ్లముందు జరుగుతున్నా ఆధారం చూపించండి అంటాడు, అయినా లూయిస్ అతన్ని ఎగతాళి చేయడు, ఆ ఇంట్లోంచి వెళ్లగొట్టడు. దానికి మాత్రం సలాం.

మూడోబెంచి:
@ఎర్రసిరా ఆర్వెల్ మాట ఒప్పుకోను. గెలిచేది ఎవరో తెలిసినా మార్క్ ఏమవుతాడో తెలుసా మీకు? అతని భార్య జేన్ ఏమవుతుందో? నాకు చివరిదాకా తెలియలేదు, టెన్షన్ అంతా అక్కడ ఉంది. పైగా ఆ బిచ్చగాడి కామెడీ మెర్లిన్ లేకపోతే ఎక్కడినుంచి వచ్చేది? దారిన పోయే దేశదిమ్మరిని పట్టుకొచ్చి మెర్లిన్ అనుకుని, విథర్, ఫ్రాస్ట్ లాంటి మహామేధావులు వాడికి లాటిన్‌లో దండాలు పెడుతుంటే, వాడేమో తిండి బాగుందని నోరు మూసుకుని లాగిస్తుంటాడు. నేను బస్సులో చదువుతూ పైకే నవ్వేశాను.

గోదారిగట్టు:
మగాళ్లంతా మార్క్, రాన్సమ్ అని కొట్టుకుంటున్నారు, కథ మొదలయ్యేది జేన్‌తో కదా. పెళ్లయి ఇంట్లో ఒంటరిగా కూర్చుని, డన్ కవిత్వం మీద థీసిస్ కదలక, పైగా రాత్రి వచ్చిన పీడకల పొద్దున పేపర్లో ఫోటోతో సహా నిజమై కనిపిస్తే ఎలా ఉంటుంది? శిరచ్ఛేదమయ్యాక నైస్‌వాళ్లు బతికించి ఉంచిన ఆ ఆల్కసాన్ తల ఆమె కలలోనే మనకి మొదట కనిపిస్తుంది. నైస్‌వాళ్లు మార్క్‌ని లోపలికి లాగిందే ఆమె కలల కోసం, పాపం తన తెలివి చూసి పిలిచారనుకుంటాడు ఆయన. హార్డ్‌కాజిల్ సిగార్‌తో ఆమెని కాల్చి ప్రశ్నలడిగే సీన్ నేను రెండోసారి చదవలేకపోయాను.

నాకు ఒళ్లు మండింది మాత్రం ఒకచోట. పిల్లలు వద్దనుకున్నందుకు ఆమె తల తీయించాలని మెర్లిన్ అంటాడు. రాన్సమ్ అడ్డుపడతాడు నిజమే, మెర్లిన్ అయిదో శతాబ్దం మనిషి అదీ నిజమే, కానీ ఆమె పెళ్లిలో తప్పంతా విధేయత లేకపోవడమే అన్నట్టు లూయిస్ కూడా తేల్చేస్తాడే, అక్కడ నేను ఆయనతో లేను. మార్క్ వారాల తరబడి ఇంటికి రాకపోవడం గురించి కూడా అంతే గట్టిగా మాట్లాడాలి కదా ఎవరో ఒకరు.

అయినా చివరి పేజీలు ఎందుకు ఇష్టమంటే, అంత పెద్ద యుద్ధం అయ్యాక ముగింపు లోకం గురించి కాకుండా ఆ మొగుడూ పెళ్లాల గురించే రాశాడు. మార్క్ తను ఆమె పట్ల ఎంత మొరటుగా ఉన్నాడో తలుచుకుని, ఆమె ముందుకెళ్లడానికి సిగ్గుపడుతూ వస్తాడు చూడండి. ఆ సిగ్గు వల్లే క్షమించాను వాణ్ణి.

సండేస్కూల్_మాస్టారు:
@గోదారిగట్టు అమ్మా మీరన్నది సబబే. మా చర్చి బుక్ గ్రూపులో అక్కచెల్లెళ్లు ఇదే అడిగారు, నా దగ్గర సరైన జవాబు లేదు. మార్క్ సిగ్గు గురించి మీరు చెప్పింది వాళ్లకి చదివి వినిపిస్తాను.

రాత్రిబండి:
అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. మడమ గాయం సంగతి నేను ఊరికే చదువుకుంటూ పోయాను, రాత్రికి ఆ రెండో పుస్తకం పెరెలాండ్రా ఆఖరి చాప్టర్లు మళ్లీ తీస్తాను. రాన్సమ్ విషయంలో మాస్టారి మాటకి ఒప్పుకుంటున్నాను. రక్తపాతం విషయంలో ఇంకా ఒప్పుకోను, నైస్ శాస్త్రవేత్త ఫిలోస్ట్రాటో తల తీసే సీన్ మరీ దారుణం, అంతదాకా వాడు నాకు దాదాపు జోకర్‌లా అనిపించాడు. ఒక్క బుల్టిట్యూడ్ మాత్రం ఏం చేసినా ఓకే. ఎలుగుబంటి కాబట్టి.

కొత్తగా_వచ్చా:
స్పాయిలర్లు అని తెలిసీ మొత్తం చదివేశాను 😅 మొదటి రెండూ చదవకుండా నేరుగా మూడోది మొదలుపెట్టొచ్చా? రాకెట్లు, గ్రహాలు నాకు పెద్దగా ఎక్కవు, ఈ ఆఫీసు రాజకీయాలు, రహస్య పోలీసులు అంటేనే ఆసక్తిగా ఉంది.

మూడోబెంచి:
చదవొచ్చు, విడిగా చదువుకోవచ్చని ముందుమాటలో లూయిసే చెప్పాడు. అదే ముందుమాటలో, ఫాంటసీ నచ్చనివాళ్లు మొదటి రెండు చాప్టర్లు చూసి మోసపోయి ముందుకెళ్లకూడదనే దీనికి పెద్దల ఫెయిరీ టేల్ అని పేరు పెట్టానని కూడా అంటాడు, కాబట్టి ఎలుగుబంట్లకీ మెర్లిన్‌కీ సిద్ధపడే కూర్చోండి. వీలైతే పెరెలాండ్రా మాత్రం ముందు చదవండి, చిన్న పుస్తకం, అది తెలిస్తే రాన్సమ్ గాయం, చివర్లో అతను ఎక్కడికి వెళ్లిపోతాడన్నది బాగా పట్టుకుంటాయి. పాత పుస్తకాల షాపులో కొంటుంటే మాత్రం లోపల సంక్షిప్తం అని ఉందేమో చూసుకోండి, లూయిసే కుదించిన ఎడిషన్ ఒకటి ఉంది, అమెరికాలో 'ది టార్చర్డ్ ప్లానెట్' అని వేరే పేరుతో కూడా వచ్చింది. పూర్తిదే తీసుకోండి.