ఓడ శిథిలం దగ్గర డైవ్ చివర్లో పైకి తేలిపోతున్నాను
బాలిలోని తులాంబెన్ తీరంలో, 1963లో నీటిలోకి జారిన లిబర్టీ ఓడ శిథిలం దగ్గర నాలుగు డైవ్‌లు చేశాను. నాలుగింటిలోనూ సిలిండర్‌లో 60 బార్ పీడనంతో గాలి మిగిలి, 6 మీటర్ల లోతుకు వచ్చేసరికి, బీసీడీలోని (తేలడాన్ని సర్దుకునే గాలి జాకెట్‌లోని) గాలంతా వదిలేసినా పైకి తేలిపోయాను. నేను వాడేది 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్, 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్, నడుము బెల్టులో 4 కిలోల సీసం. గాలి తగ్గేకొద్దీ సిలిండర్ సుమారు 2 కిలోలు తేలికవుతుందని తెలిసి, బెల్టులో మరో కిలో చేర్చాను. చివర్లో నిలకడ కుదిరింది గాని, మొదట్లో 15 మీటర్ల దగ్గర కాళ్లు కిందికి వాలి, కాలికి తొడిగిన ఫిన్ (ఈత రెక్క) తగిలి నల్ల ఇసుక రేగి, విసనకర్రలాంటి పగడమొకటి కాసేపు కనిపించకుండా పోయింది (అదృష్టవశాత్తూ అది విరగలేదు). ఊపిరి నిదానంగా, పూర్తిగా వదలడమూ ప్రయత్నించాను, లాభం లేకపోయింది. ఆ అదనపు కిలోను బెల్టులో కాక సిలిండర్ పైపట్టీకి కట్టుకుంటే కాళ్లు వాలడం తగ్గుతుందా?