మోటారు వైండింగ్ నేర్పడానికి గ్రాంటు ఎవరిస్తారు?

గుణుపురం మేస్త్రి:
ముప్పై ఏళ్లుగా ఒడిశాలోని మా గుణుపురంలో పంపు మోటార్లకు తీగ చుడుతున్నాను. ఎండలు ముదిరితే వంశధార పక్క ఊళ్ల నుంచి కాలిన మోటార్లు వచ్చి షెడ్డు ముందు వరస కడతాయి. చుట్టడానికి చేతులు చాలవు. అదే వీధి కుర్రాళ్లేమో చదువు మధ్యలో వదిలేసి, బండెక్కి విశాఖ వైపు కూలికి పోతున్నారు. రెండేళ్ల కిందట వీధివాళ్లం సంఘం పెట్టి రిజిస్టర్ చేయించాం. ఇరవై మందికి ఈ పని నేర్పాలని ఒక కంపెనీకి అర్జీ పెడితే, ‘అర్హత లేదు’ అని రెండు ముక్కల్లో తిప్పి పంపారు.

ప్రస్తుతం ముగ్గురికి ఊరికే నేర్పుతున్నాను. మొన్న ఒకడు మోటారు గాడుల్లో (స్లాట్లు) కరెంటు ఇనుముకు తగలకుండా పెట్టే కాగితం పెట్టకుండానే కాయిల్ దించేశాడు. కరెంటు ఇవ్వగానే చిటపటమంది, షెడ్డంతా వార్నిష్ మాడిన కంపు. రెండు కిలోల రాగి తీగ పోయింది. వాడిని తిట్టలేదు, నేనూ అలాగే నేర్చుకున్నాను. కానీ ఇరవై మంది ఇలా కాలుస్తుంటే ఆ తీగ డబ్బు ఎవరు పెట్టాలి? నా ప్రశ్నల్లా ఇదే.

రాయగడ కుట్టు టీచర్:
మేస్త్రి గారూ, మీ అర్జీ ఎందుకు తిరిగొచ్చిందో నేను చెప్పగలను. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. అయితే ఆ డబ్బు మనలాంటి బయటి సంఘం చేతికి రావాలంటే ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఎ, 80జి రిజిస్ట్రేషన్లు ఉండాలి, అదే తరహా పనిలో కనీసం మూడేళ్ల అనుభవం చూపాలి. ఇలాంటి సంఘాలు కేంద్రం దగ్గర పేరు నమోదు చేసుకునే సీఎస్ఆర్-1 ఫారం కూడా 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. మీ సంఘానికి రెండేళ్లే కదా. అర్హతలున్న పాత సంఘం పేరుతో అర్జీ పెట్టించి, నేర్పే పని మీరు తీసుకోండి.

కాకపోతే ఒప్పందంలో ముడిసరుకు ఎవరిదో ముందే రాయించుకోండి. మేం అలాగే ఒక సంస్థతో కలిసి కుట్టు శిక్షణ నడిపాం. బట్ట, దారం, విరిగిన సూదులు అన్నీ మా నెత్తిన పడ్డాయి. హాజరు పట్టీ రాయడం మా వంతు, ఫొటోల్లో నిలబడడం వాళ్ల వంతు! ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

ప్రభుత్వ పథకాల డబ్బయినా ఒక్కసారే రాదు. కేంద్రం నైపుణ్య శిక్షణ పథకాలకు పెట్టిన 2015 ఉమ్మడి నిబంధనల్లో బ్యాచ్ మొదలయ్యాక 30 శాతం, సర్టిఫికెట్లు వచ్చాక 50, ఉపాధి దొరికిందని తేలాక మిగిలిన 20 అని పెట్టారు. చేతిలో నాలుగు నెలల ఖర్చు లేని సంఘం అటువైపు వెళ్లకపోవడమే మేలు.

పర్లాకిమిడి పెన్షనర్:
బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. గ్రాంటు సంగతి తర్వాత, ముందు మీ జిల్లా ఆర్‌సెటికి (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) వెళ్లండి. బ్యాంకులే నడిపే శిక్షణ సంస్థ అది. మోటారు రీవైండింగ్‌కు 30 రోజుల కోర్సు ఉంది. శిక్షణ, భోజనం, బస అన్నీ ఉచితం. ఆ తర్వాత రెండేళ్లు వెంట ఉండి, రుణం ఇప్పించడంలోనూ సాయం చేస్తారు. కాలే తీగ గొడవ మీకుండదు. పాఠం ఏ భాషలో చెబుతారో మాత్రం ముందే అడగండి. ఒడియా రాని మన పిల్లలు మొహమాటానికి తలలూపి ఖాళీ చేతులతో తిరిగొస్తారు.

గుణుపురం మేస్త్రి:
టీచరమ్మా, ఫొటోల సంగతి చదివి మా ఆవిడ కూడా నవ్వింది. పెన్షనర్ గారూ, నెల రోజుల్లో వైండింగ్ వస్తుందంటే నాకు నమ్మకం లేదు. తీగ తెగకుండా చుట్టడానికే మా వాళ్లకు నెల పట్టింది. అయినా పంపుతాను. అక్కడ చేయి తిరిగి వస్తే, మిగతాది మా షెడ్డులో ఆరు నెలలు నేర్పుకుంటాం. పాత సంఘం ఒకటి కనుక్కునేదాకా ఇదే దారి. సోమవారం ముగ్గుర్నీ తీసుకుని రాయగడ ఆర్‌సెటికి వెళ్తున్నాను. కాయిల్ కాల్చినవాడు ముందే సంచి సర్దుకున్నాడు.